పది నిమిషాల ప్లాటు

గడ్డిఅన్నారం నుంచి

పద్మక్కకు నీ తమ్ముడు నర్సింహ దండాలు పెట్టి రాయునది. నేను బాగున్నాను. కాళ్లు, చేతులు అన్నీ బాగున్నాయి. ఇది మొదటే రాస్తున్నాను, ఎందుకంటే కింది సంగతి చదివాక చెబితే నువ్వు నమ్మవు. బావ నడుము నొప్పి తగ్గిందా? అమ్మ కంట్లో చుక్కల మందు వేస్తున్నారా? పిల్లలు బడి ఎగ్గొట్టడం లేదని తలుస్తాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. గదిలో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. హోటల్ అన్నం తిని తిని నాలుక చచ్చిపోయింది. నీ చేతి జొన్నరొట్టె, పచ్చిపులుసు గుర్తుకొస్తే నోట్లో ముద్ద దిగదు. ఆదివారం పూట మాట్లాడే మనిషి ఉండడు. పక్క గదిలో ఉండే బెజవాడ వాళ్ల రేడియోను గోడ ఇవతలి నుంచే వింటాను. అయినా బాగున్నాను.

మా సేటు యాదన్న గురించి ఇదివరకే రాశాను కదా. కొత్తపేటలో తాతల కాలం నాటి ద్రాక్షతోటను ప్లాట్లు చేసి అమ్మేశాడు. ఇప్పుడు హయత్‌నగర్ దాటాక పడావు భూమి కొని రాళ్లు పాతించాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పది నిమిషాలు అని గోడల మీద రాయించాడు. నేను తోలే ఆయన పాత అంబాసిడర్‌లో పది నిమిషాలకు మేము ఎల్బీ నగర్ చౌరస్తా కూడా దాటేవాళ్లం కాదు. ప్లాటు చూడొచ్చిన వాళ్లు గడియారం చూసుకుని మొహం ముడుచుకునేవాళ్లు. ఇంకొకడైతే గోడ మీది రాత మార్పించేవాడు. మా సేటు కారు మార్చాడు.

మలక్‌పేటలో ఒక పాత బంగ్లా వెనక టార్పాలిన్ కప్పి ఉంది ఆ విదేశీ కారు. నాలుగు తలుపులు, చూడ్డానికి సంసారుల బండిలాగే ఉంటుంది. కానీ ఆ ఇంటి కొడుకు దాన్ని పందేలకు తోలేవాడట. పెళ్లయి ఆ సోకు తీరాక అది మూలన పడింది. సేటు చేతిలో ఉన్న డబ్బుకు మామూలు సెకండ్‌హ్యాండ్ బండి దొరకడమే కష్టం. ఇది ఆ ధరకే ఎందుకు వచ్చిందో మెకానిక్ చూసి చెప్పాడు. ఇంజను పులి, బ్రేకులు మాత్రం అరిగిపోయాయి, సామాను బొంబాయి నుంచి రావాలి. మిగిలిన కాస్త డబ్బునూ సేటు ఎర్ర రంగుకూ సీటు కవర్లకూ పెట్టాడు. బ్రేకుల సంగతేమిటని నేను అడిగాను.

"బ్రేకు ఎవనికి కనవడ్తదిరా? జర నాలుగు ప్లాట్లు పోనియ్, అప్పుడు జూద్దాం" అన్నాడు.

బ్రేకుల బదులు వాళ్లమ్మ ప్రతి శుక్రవారం బండికి దిష్టి తీసి, ముందు అద్దం కింద పసుపు కుంకుమ రాసిన నిమ్మకాయ పెడుతుంది. దాన్ని ముట్టొద్దని నాకు ఆజ్ఞ. అబద్ధమెందుకు, తాళం తిప్పే ముందు నేనూ దానికి దండం పెట్టుకునేవాణ్ణి. అక్కా, నాకు ఆ బండంటే భయం. ట్రాక్టర్ తోలిన కాలు నాది. ఇది కాస్త తొక్కితే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది.

మొన్న గుంటూరు వైపు నుంచి ఒక మాస్టారు, ఆయన భార్య వచ్చారు. సేటు నా పక్కన కూర్చుని, గడియారం చూస్తూ ఇంకా తొక్కమన్నాడు. ప్లాట్ల దగ్గర మట్టిదారి మలుపులో బర్రెలు అడ్డం వచ్చాయి. బ్రేకు తొక్కాను. దిగలేదు. చూస్తే అద్దం కింది నిమ్మకాయ దొర్లి వచ్చి పెడల్ కింద చేరి ఉంది. ఉన్న బలమంతా పెట్టి తొక్కితే కాయ చితికింది, బండి పక్కకు జారి రెండు హద్దురాళ్లు కూలగొట్టి ఆగింది. కారంతా నిమ్మ వాసన. మాస్టారు భార్య దిగి, దారి పక్కన కూలబడి ఏడ్చింది. మాస్టారు కాసేపటికి గడియారం చూసుకున్నాడు.

"పది నిమిషాలు కూడా పట్టలేదండీ" అని అక్కడే బయానా డబ్బు ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి చెబితే సేటు తల్లి నన్నే ఓదార్చింది. "కాయ పలిగింది జూడు కొడుకా, గండమంత దాని మీదికే పోయింది" అంది. ఈ శుక్రవారం రెండు కాయలు పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ప్లాటు చూడ్డానికి నువ్వూ అమ్మా వచ్చే సోమవారం మొదటి బస్సుకు వస్తున్నారని బావ సేటుకే రాశాడట. మీ వాళ్లను మన బండిలోనే తీసుకురా అని సేటు నాతో అన్నాడు. వెనక సీట్లో అమ్మ కూర్చున్నట్టు తలచుకున్నాను. ఇన్ని రోజులూ ఎవరెవరి అమ్మలనో కూర్చోబెట్టుకుని తోలాను కదా అని అప్పుడు తట్టింది. తాళం బల్ల మీద పెట్టి, బ్రేకులు వేయించేదాకా ముట్టనని చెప్పేశాను.

"నువ్వు గాకుంటే ఇంకొకడు తోల్తడు. గోడ మీద రాత మారది" అన్నాడు సేటు.

ఆ ఇంకొకడు నిన్ననే వచ్చాడు. కుర్రవాడు, భయం లేదు. అందుకే నాకు ఇంకా భయం. ఈ ఉత్తరం మీరు బయలుదేరేలోపు అందాలని మైసమ్మకు మొక్కుకున్నాను. నా పని గురించి దిగులు పడకండి, లారీ ఆఫీసులో అడిగాను. అమ్మకు పని పోయిందని చెప్పొద్దు. బండికి కడతానని ఆమె నిమ్మకాయలు తీసిపెట్టిందని కూడా బావ రాశాడట, అవి తేవొద్దు, ఊరగాయ పెట్టమను.

అమ్మకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉంచండి.

మీ
నర్సింహ

ఎల్బీ నగర్‌లో మీరు బస్సు దిగేసరికి నేను అక్కడే నిలబడి ఉంటాను. నడిచైనా పోదాం, ప్లాటు ఎంత దూరమో మన కాళ్లే చెబుతాయి. నాకంటే ముందు ఎర్ర కారు వచ్చి, నర్సింహ పంపాడని చెబితే, అక్కా, ఎక్కొద్దు. అమ్మ చెయ్యి విడవొద్దు.