బొమ్మ తుపాకీ వెనక మూత

చిన్నోడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నాన్నా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ మీరు ముగ్గురూ అలాగే ఉన్నారని నమ్ముతూ మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఎప్పుడూ మర్నాడే జవాబు రాసే అక్కకు ఈసారి ఏమైందోనని అనుకుంటూ ఉంటావు. రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది.

ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. నాన్న మోకాలు కాస్త నయం. చేతికర్ర కొనిపెడితే దాన్ని తలుపు వెనక నిలబెట్టి, తను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కర్ర పట్టుకుంటే ముసలివాడంటారట. బకెట్ల ఫ్యాక్టరీ మానేసి ఇన్నేళ్ళైనా ఆ బుద్ధి మాత్రం పోలేదు. మొన్న కటింగ్ షాపులో సగం గడ్డం గీయించుకుని లేచి వెళ్ళి, మూలనున్న బకెట్టు తిరగేసి అడుగు చూశాడట. "ఇది మాది కాదు. మాదైతే ఇలా పగలదు" అని షాపంతటికీ చెప్పి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడట. ఇంటికొచ్చి నాకూ చెప్పాడు, గొప్పగా.

మరదలి కుట్టుమిషనులో సూదులు మాటిమాటికీ విరుగుతున్నాయన్నావు. మందం గుడ్డకు సన్న సూది వేస్తోందేమో చూసుకోమను. అంతకన్నా నాకు తెలియదు.

ముందుగదిలో నీ బల్ల ఉందా, తీసేశామా అని అడిగావు. ఉంది. దాని మీదే పని చేస్తున్నాను. స్పాంజి తూటాల బొమ్మ తుపాకులతో ఆడుకునే క్లబ్బులు నువ్వున్నప్పటికంటే పెరిగాయి. ఒకరు తుపాకీ గొట్టం పొడుగు చేయమంటారు, ఒకరు పిడి మార్చమంటారు, ఒకరికి రంగు నచ్చదు. మొన్న బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన తన బొమ్మ తుపాకీని పసిబిడ్డను తెచ్చినట్టు తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. నవ్వాపుకోలేకపోయాను. నువ్వు నేర్పినట్టే చేస్తున్నాను. ముందు గోటితో గీకి అది ఏ ప్లాస్టిక్కో చూస్తాను. గట్టిరకమైతే ఉప్పుకాగితంతో రుద్ది గరుకు చేసి, రెండు ట్యూబుల జిగురు కలిపి పూసి, బిగించి ఒక రోజంతా ముట్టుకోను. మైనంలా జారే పాలరంగుదైతే దానికి ఏ జిగురూ పట్టదు కాబట్టి బెజ్జాలు వేసి స్క్రూలు బిగిస్తాను. స్ప్రింగు బలం పడే చోట జిగురూ ఉండాలి, స్క్రూలూ ఉండాలి. ఇవన్నీ ఇప్పుడు తు.చ. తప్పకుండా చేస్తున్నాను. ఇప్పుడు.

నీ ఉత్తరం చివరి నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. పాప బొమ్మకు చెయ్యి ఊడిపోతే నీ దగ్గరికి తెచ్చిందనీ, అతికించడం రాదని చెప్పి పంపేశావనీ రాశావు. "నావి మంచి చేతులు కావక్కా. పాప ఆడుకునే వస్తువు వాటితో ముట్టుకోలేను" అన్నావు. ఏడేళ్ళుగా గోదాములో పెట్టెలు ఎత్తుతున్నది ఆ పని ఇష్టమై కాదని నాకు తెలుసు. కానీ కన్నబిడ్డ బొమ్మను కూడా ముట్టుకోలేనంత దూరం వెళ్ళావని తెలియదు.

ఏడేళ్ళ కిందటి ఆ రోజు సంగతి మొదటి నుంచి రాస్తాను. నీకు తెలిసింది సగమే.

మర్నాడు క్లబ్బు పోటీ. నీ ప్రాణస్నేహితుడు బక్కోడి తుపాకీలో గట్టి స్ప్రింగు వేసి, దాన్ని పట్టి ఉంచే వెనక మూతను ముందురోజే నువ్వు అతికించావు, రెండు స్క్రూలు కూడా వేశావు. ఆరడానికి రోజంతా వదిలేశావు. మధ్యాహ్నం నువ్వు బజారుకు వెళుతూ, "అక్కా, రంగు నువ్వు వేసెయ్" అన్నావు. నేను తుపాకీ తీసి తిప్పుతుంటే మోచెయ్యి బల్ల అంచుకు కొట్టుకుంది. చెయ్యి జారి తుపాకీ గచ్చు మీద పడింది. స్క్రూలు పట్టి ఉన్న చోట ప్లాస్టిక్ చిట్లి, మూత ఊడి వచ్చింది.

నువ్వు తిడతావని భయం కాదురా. నువ్వెప్పుడు తిట్టావు గనక. "జాగ్రత్తక్కా" అని వారానికి మూడుసార్లు అనేవాడివి. నాలుగోసారి వినబుద్ధి కాలేదు. అంతే. అంత చిన్న కారణం. చిటికెలో అంటుకునే జిగురు సీసా తీసి, మళ్ళీ గరుకు కూడా చేయకుండా పూసి, మూత అదిమి పట్టుకున్నాను. చిట్లిన బెజ్జాల్లోనే స్క్రూలు తిప్పి తలలు పైకి కనబడేలా పెట్టాను. మీద నీలంరంగు రెండు పూతలు వేశాను. పోటీ అయ్యాక నీకు చెప్పి మళ్ళీ చేయిద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానో, ఇప్పుడు అలా అనుకుంటున్నానో కూడా తెలియడం లేదు.

నువ్వు వచ్చి చూసి, "అక్కా, రంగు అదిరింది!" అన్నావు. అప్పుడైనా నోరు తెరవలేదు.

చీకటి పడుతుండగా బక్కోడు వచ్చాడు. వాడికి ఆగడం ఎక్కడిది. కళ్ళజోడు పెట్టుకోమని నువ్వు లోపల్నుంచి అరుస్తూనే ఉన్నావు, వాడు పెరట్లో తుపాకీ కంటికి ఆనించి మీట లాగేశాడు. మూత ఎగిరిపోయి స్ప్రింగు వాడి కుడికంట్లో కొట్టింది. వాణ్ని ఎత్తుకుని వీధి చివరిదాకా నువ్వు పరిగెత్తడం నాకు కనబడుతూనే ఉంది. ఆసుపత్రిలో వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పు నా చేతుల్లోనే ఉందమ్మా" అన్నావు. నేను నీ వెనకే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాన్న నలుగురిలో నిన్ను తిట్టినప్పుడూ, నువ్వు ఊరు వదిలి వెళ్ళిపోయినప్పుడూ అలాగే నిలబడ్డాను.

చిన్నోడా, నువ్వు అతికించింది విరగలేదు. విరిగింది నేను అతికించింది.

రెండో ఉత్తరం చించిన రోజు నాన్నకు చెప్పేశాను. ఆయన తలెత్తలేదు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే. పెరట్లో పడ్డ మూత తీసి చూశా. చిన్నోడు గీసిన గరుకు గీతల మీద ఇంకో జిగురు పూసి ఉంది. అది అద్దంలా నున్నగా ఉంది. అంచంతా తెల్లటి పొర. చిటికె జిగురు తప్ప ఇంకేదీ అలా తెల్లబడదు. ముప్ఫై ఏళ్ళు ప్లాస్టిక్కుతోనే బతికా, నాకు తెలీదా?"

"మరి వాణ్నెందుకు నలుగురిలో అన్నేసి మాటలన్నావు నాన్నా?"

గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత, "వాడు ఎక్కడికి పోయినా బతుకుతాడు. నువ్వు పోతే నేనేమైపోతానే?" అన్నాడు.

ఆ మూతను చెత్తబుట్టలో వేసింది ఆయనే. ఏడేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు ఇద్దరం ఒకే అబద్ధంలో బతికాము, ఒకరికొకరు తెలియకుండా. ఆయన్ని ఏమనగలను? ఆయన దాచింది నా తప్పునే కదా.

ఆ మర్నాడే బక్కోడి దగ్గరికి వెళ్ళాను. బస్సు డ్రైవరవుతానని చిన్నప్పట్నుంచీ అనేవాడు గుర్తుందా? ఒంటికన్నుతో లైసెన్సు ఇవ్వలేదు. ఇప్పుడు బస్టాండు పక్కన తాళంచెవులు కోసే కొట్టు పెట్టుకున్నాడు. పేరుకే బక్కోడు, పొట్ట వచ్చింది.

"ఏంటక్కా, తాళమా?" అన్నాడు మిషను ఆపకుండానే.

"కాదురా. నీకొక మాట చెప్పాలి" అని, నిలబడే మొత్తం చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేకపోయేదాన్ని. మధ్యలో మిషను ఆగిపోయింది.

"వాడికి తెలుసా?" అన్నాడు.

"తెలీదు. రాయబోతున్నా."

అప్పుడే ఎవరో తమ తాళంచెవి కోసం వచ్చారు. అది ఇచ్చి, తాళంలో తిప్పి చూపించి, వాళ్ళను పంపించి వచ్చాడు. ఆ రెండు నిమిషాలు నేను అక్కడ ఎలా నిలబడ్డానో నాకే తెలుసు.

"వాడు ఆరు ఉత్తరాలు రాశాడక్కా. ఒక్కటీ విప్పకుండానే చించేశాను" అన్నాడు. "కన్ను లేకపోవడం ఎప్పుడో అలవాటైపోయింది. వాడు లేకపోవడమే అలవాటు కాలేదు. నువ్వు ఆ రోజే చెప్పుంటే నాకు కన్నొక్కటే పోయేది."

నేను చేతులు జోడించబోతే, "అవేమీ వద్దు. ఇంక ఈ కొట్టు వైపు రాకక్కా" అన్నాడు. అంత కోపంలోనూ అక్కా అనే అన్నాడురా. నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి నీ అడ్రసు అడిగాడు. నేను చెబుతుంటే అరచేతి మీద రాసుకున్నాడు. రాస్తాడో రాయడో నేను చెప్పలేను.

ఒక మనిషి కన్ను తీసినవాణ్నని మరదలికి పెళ్ళికి ముందే చెప్పానని ఒకసారి రాశావు. ఆ అమ్మాయికి ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. తన భర్త ఎవరి కన్నూ తీయలేదని ఆమెకు తెలియాలి. నా గురించి ఆమె ఏమనుకున్నా సరే.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు కాదనలేవు, నాకు తెలుసు. అందుకే అడగను. జవాబు రాయాలనిపించకపోతే రాయకు. రాస్తే మాత్రం, అక్కా అని మొదలుపెట్టక్కరలేదు. కింద నా సంతకాన్ని మాత్రం నేను మార్చుకోలేను.

ఇట్లు,
నీ అక్క