అమ్మ గుర్తుపట్టే ఫోటో

బహదూర్‌పురా,
6-2-1978

ప్రియమైన అన్నకు,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మతిమరుపు గురించి ఇక ఫికర్ పడకు. డాక్టరు చెప్పినట్టే ఇనుప పెట్టెలోని పాత ఫోటోలు తీసి, రోజూ ఒక్కొక్కటే చూపిస్తున్నాను. ఎనిమిది నెలలుగా నన్ను "ఓ పాలామె" అంటున్న అమ్మ నిన్న "కళా" అని పిలిచింది! ఆ ఒక్క మాటకు గుమ్మంలో కూలబడి ఏడ్చాను. అమ్మ గంటసేపు నా చెయ్యి వదలలేదు.

నీ చెల్లె,
కళావతి

కాజీపేట,
11-2-1978

ప్రియమైన చెల్లె కళకు,

నీ ఉత్తరం లోకో షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. అమ్మ ఏ ఫోటోకు పలికిందో రాయలేదేం? నా పెళ్లిదేనని మీ వదిన పందెం కాస్తోంది.

మీ అన్న,
భిక్షపతి

బహదూర్‌పురా,
2-3-1978

ప్రియమైన అన్నకు,

జవాబు రాయడానికి ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు. నీ పెళ్లి ఫోటో చూసి అమ్మ "ఎవరింటి లగ్గం?" అంది. పలికింది తమ్ముడి ఫోటోకు. నయాపూల్ దగ్గర లారీ కింద పడి అంజన్ పోయిన రోజు, పాడె ఎత్తే ముందు వాడిని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, మనమంతా చుట్టూ నిలబడి తీయించుకున్నామే, దానికి.

తొమ్మిదేళ్ల కిందటి చావు అప్పుడే తెలిసినట్టు "నా కొడుకు ఎప్పుడు పోయిండే?" అని రొమ్ము బాదుకుంటుంది. ఏడ్చి ఏడ్చి నా మొహం పట్టుకుని "నువ్వన్నా ఉన్నవు గదా కళా" అంటుంది. నా చేత్తో అన్నం తింటుంది. తెల్లారేసరికి అంతా మరిచిపోతుంది. నేను మళ్లీ చూపిస్తాను. మొన్న ఆదివారం రెండుసార్లు చూపించాను.

నీ చెల్లె,
కళావతి

కాజీపేట,
5-3-1978

కళావతికి,

ప్రియమైన అని రాయడానికి మనసు రావడం లేదు. నువ్వు మనిషివేనా? కన్నతల్లిని రోజూ కొడుకు శవం ముందు కూర్చోబెడతావా? శనివారం వస్తున్నాను. ఆ ఫోటోను పొయ్యిలో పెట్టి అమ్మను తీసుకుపోతాను.

భిక్షపతి

కాజీపేట,
20-6-1978

ప్రియమైన చెల్లెకు,

అమ్మ నా దగ్గరికి వచ్చి మూడు నెలలు దాటింది. ఏడుపు లేదు, ఒళ్లు చేసింది, మీ వదినతో నవ్వుతుంది. నేను అన్నం కలిపి పెడితే మాత్రం "ఎవరి కొడుకువు బిడ్డా, నీకు అమ్మ లేదా?" అని అడుగుతుంది. రోజూ అడుగుతుంది.

నా పెళ్లి ఫోటో చూపించాను, చిన్నప్పటివీ చూపించాను. నిన్న తట్టుకోలేక "అంజన్ చచ్చిపోయిండమ్మా" అని నోటితోనే చెప్పాను. "అంజన్ ఎవరు?" అంది.

నువ్వు కాళ్లు పట్టుకున్నా వినకుండా ఆ ఫోటో కాల్చింది నేనే. తీసిన స్టూడియోలో నెగెటివ్ ఉందేమో కనుక్కో. ఈసారి పెద్దది చేయించు, అమ్మకు చూపు ఆనడం లేదు.

నీ అన్న,
భిక్షపతి