సంతకం కోసం ఆగిన లారీ

12 సెప్టెంబరు 1977, సోమవారం

ఇరవై ఎనిమిదేళ్ల కిందట, ఈ నెలలోనే, వెంకటకృష్ణారావు నాకొక మాట ఇచ్చాడు. గవర్నరుపేటలో అప్పుడే అద్దెకు తీసుకున్న ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు. సంజీవరావుగారూ, ఇకనుంచి టపా మీరు విప్పండి, జవాబులు మీరే రాయండి, నాదాకా రావలసినవే తీసుకురండి, మీరు నా కుడిచెయ్యండీ అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను పర్మనెంటు ఉద్యోగం వదిలి వచ్చాను. మూడో రోజు నేను విప్పిన కవరొకటి చూసి ముఖం మాడ్చుకున్నాడు. మర్నాటినుంచి టపా మొత్తం అతని బల్లమీదికే.

అప్పుడు ఎరువుల కొట్టు ఒక్కటి. ఇప్పుడు తొమ్మిది గోడౌన్లు, పద్నాలుగు లారీలు. నా హోదా మాత్రం అదే, పర్సనల్ అసిస్టెంట్. చెప్పింది టైపు చెయ్యడం, పిలిస్తే లేవడం.

ఆఫీసులో రోజుకు వందసార్లు గారు అంటాను. ఇక్కడ అనను.

4 అక్టోబరు, మంగళవారం

లైబ్రరీలో మేనేజ్‌మెంటు మీద ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రోమన్ చరిత్రలూ రష్యన్ నవలలూ చదివిన కళ్లకు చప్పగానే ఉంది కానీ ఒక సంగతి బాగా చెప్పాడు. యజమాని ఇతరుల పని నెత్తిన వేసుకుంటే అతని పని చేసేవాడు ఉండడు.

నిన్న పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెంకటకృష్ణారావు చేసిన పనులన్నీ రాసి పెట్టాను. నలభై ఒకటి. వాటిలో అతనే చెయ్యాల్సినవి మూడు. మిగిలిన వాటిలో ఫ్యాన్ బాగుచేసేవాడికి కబురు పెట్టడం, క్యాలెండర్ల మీద బొమ్మ ఎంచడం కూడా ఉన్నాయి. రెండు పేజీల మెమో టైపు చేసి ఇచ్చాను. ఈ ముప్పై ఎనిమిదీ నాకు అప్పగించండి, మీకు రోజులో ఐదు గంటలు మిగులుతాయి, ఆ ఐదు గంటల్లో మీరు వ్యాపారం గురించి ఆలోచించవచ్చు అని.

చదివాడు. పెన్ను తీసి రెండు చోట్ల కామా దిద్దాడు. పుస్తకాలు చదివి వ్యాపారం చేసినవాడు బెజవాడలో ఎవడున్నాడండీ అని నవ్వి, మెమో నాకే తిరిగిచ్చాడు.

అంటే నలభై రెండో పని కూడా అతనే చేశాడు.

21 అక్టోబరు, శుక్రవారం

పదకొండు గంటలకు ఛాతీ పట్టుకుని కుర్చీలో ఒరిగిపోయాడు. డాక్టరు నెల రోజులు మంచం దిగొద్దన్నాడు. ఆఫీసు ఊసు ఎత్తొద్దన్నాడు.

ఎత్తకుండా ఎలా? మా కంపెనీలో ఆకుపచ్చ చీటీ అని ఒకటుంది. ఏ గోడౌన్ దగ్గరైనా లారీ కదలాలంటే, ఖాళీ లారీ అయినా సరే, వెంకటకృష్ణారావు స్వయంగా సంతకం పెట్టిన ఆకుపచ్చ కాగితం డ్రైవరు చేతిలో ఉండాలి. దూరపు గోడౌన్లకు ఆర్టీసీ కండక్టర్ల చేత పంపిస్తాం. చీటీ అందేదాకా లారీ అక్కడే.

నిరుడు బసవయ్య అనే డ్రైవరు, కాన్పు కష్టమైన ఒక కూలీ మనిషిని చీటీ లేకుండా అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. తల్లీ బిడ్డా దక్కారు. బసవయ్య ఉద్యోగం దక్కలేదు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. తప్పుల్లేకుండా చేశాను.

29 అక్టోబరు, శనివారం

రోజూ రెండు పూటలా చీటీల కట్ట పట్టుకుని సూర్యారావుపేటలో వాళ్లింటికి వెళ్లి మంచం పక్కన నిలబడుతున్నాను. దిండుకు ఆనుకుని సంతకాలు పెడతాడు.  అతని భార్య పద్మావతమ్మగారు ఇవాళ నా ముందే అంది. అన్నయ్యగారు మన దగ్గర జుట్టు నెరిసేదాకా చేశారు, ఆ ముక్క ఆయనకు అప్పజెప్పండి, మీకేమన్నా అయితే ఈ కాగితాలు వచ్చి నన్ను చూస్తాయా అని.

అతను కళ్లు మూసుకుని, సంజీవరావుగారు మంచివాడేనే, కానీ బాధ్యత అలవాటు లేదు అన్నాడు.

అలవాటు లేదట.

17 నవంబరు, గురువారం

నాగాయలంక అవతల మా గోడౌన్‌కు యూరియా వెళ్లింది. సరుకు దింపేశారు. డ్రైవరు తిరుపతిరావు తిరుగు చీటీ కోసం అక్కడే ఉన్నాడు. ఆ గోడౌన్ చూసేది నా చెల్లెలి కొడుకు జక్కయ్య. ఎనిమిదేళ్ల కిందట నేనే చేర్పించాను. భార్య శౌరమ్మతో అక్కడే కాపురం. చుట్టూ బస్తాలు ఎత్తి దించే కూలీల గుడిసెలు.

18 నవంబరు, శుక్రవారం

రేడియోలో తుఫాను హెచ్చరిక. వెంకటకృష్ణారావుకి మళ్లీ నొప్పి. సంతకాలు లేవు.

19 నవంబరు, శనివారం. మధ్యాహ్నం రెండు

తొమ్మిదిన్నరకు నాగాయలంక పోస్టాఫీసునుంచి ట్రంకాల్. జక్కయ్య. మామయ్యా, గాలి మామూలుగా లేదు, సముద్రం రంగు మారిపోయిందంటన్నారు అన్నాడు. లారీ ఖాళీగానే ఉంది, ఆడోళ్లూ పిల్లలూ కలిపి నలభై మంది దాకా ఎక్కుతారు, అవనిగడ్డ చేర్చేస్తాం అన్నాడు. తిరుపతిరావు చీటీ లేందే బండి తియ్యనంటున్నాడట. బసవయ్యకేమైందో తెల్సుగా, నాకూ ముగ్గురు పిల్లలున్నారు అంటున్నాడట. అయ్యగారికి చెప్పు మామయ్యా అన్నాడు.

అయ్యగారికి నిద్ర ఇంజక్షన్ ఇచ్చారు, లేపడానికి లేదు అన్నాను.

అయితే నువ్వు చెప్పు, నువ్వన్నా చాలంటున్నాడు తిరుపతిరావు, ఇదుగో పక్కనే ఉన్నాడు, ఫోనిస్తాను అన్నాడు.

ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. రిసీవరు చేతిలో ఉంది. తీసుకెళ్లు అని ఒక్క మాట. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. బాధ్యత అలవాటు లేదన్న మనిషి ఇంజక్షన్ మత్తునుంచి లేచి, తన చీటీ కోసం ఒక ఊరు ఊరంతా వానలో నిలబడిందని వినాలి. వినాలి ఒకసారి. అలా అనుకున్నప్పుడు నాకు హాయిగా ఉంది.

నాకా అధికారం లేదు, ఆగండి, ఆయన లేచాక ఫోను చేస్తాను అన్నాను.

పన్నెండు గంటలకు వాళ్లింటికి వెళ్లాను. పడుకునే ఉన్నాడు. లేపమని నేను అడగలేదు. వరండాలో కూర్చున్నాను. ఒంటిగంటకు మనసు ఆగక ఆఫీసుకు పరిగెత్తి నాగాయలంకకు కాల్ బుక్ చేశాను. లైన్లు లేవన్నారు.

ఇక్కడ కూడా రేకులు లేచిపోతున్నాయి.

20 నవంబరు, ఆదివారం

ఏ కబురూ లేదు. చర్చిలో పూజకు వెళ్లలేదు.

23 నవంబరు, బుధవారం

పోలీసు జీపులో చోటు అడుక్కుని అవనిగడ్డ దాకా వెళ్లాను. అక్కణ్ణించి నడక. దారి పొడుగునా చూసింది రాయను. చదివిన యుద్ధాల నవలలన్నీ అబద్ధాలు.

ఉప్పెన పోగా గోడౌన్ గోడ ఒకటి మిగిలింది, గుడిసెలు లేవు. లారీ అరమైలు దూరంలో చేలో పక్కకి పడి ఉంది. తిరుపతిరావు క్యాబిన్‌లోనే ఉన్నాడు. జక్కయ్యను చొక్కా చూసి గుర్తుపట్టాను. నేను కుట్టించిన చొక్కా.

27 నవంబరు, ఆదివారం

శౌరమ్మ బతికింది. తుమ్మచెట్టు ముళ్లకొమ్మ పట్టుకు వేలాడిందట. రెండు చేతులకూ కట్లు. మా ఇంటికి తీసుకొచ్చాను.

ఫోను వచ్చింది కానీ మాట సరిగ్గా వినపడలేదమ్మా అన్నాను. నేనే ముందు అన్నాను, తను అడక్కుండానే.

శౌరమ్మ నా ముఖం చూసింది. వినపడిందనే చెప్పాడు మామయ్యా అంది. జక్కయ్య పోస్టాఫీసునుంచి సైకిలు మీదొచ్చి, మావయ్య ఆగమన్నాడే, రోజూ రెండు పేపర్లు చదివే మనిషి, అంత పెద్ద గాలయితే ఆయనకి తెలీదా అన్నాడట. కొందరు పిల్లల్ని చంకనేసుకుని నడిచిపోదామని గడపలు దాటారట. జక్కయ్యే వెనక్కి పిలిచాడట. మా మావయ్య ఊరికే అనడు, వచ్చెయ్యండి అని. పొయ్యి వెలిగించి అన్నం వార్చుకున్నారట.

కోపంగా చెప్పలేదు. ఆయన నిన్ను నమ్ముకున్నాడు మామయ్యా, ఆఖర్న భయపడలేదు అని, నన్ను ఓదార్చడానికి చెప్పింది.

12 డిసెంబరు, సోమవారం

వెంకటకృష్ణారావు కబురు పెట్టాడు. పద్మావతమ్మగారే దగ్గరుండి రాయించిందట. నేటినుండి లారీ చీటీలు, టపా, గోడౌన్ల వ్యవహారం సమస్తం శ్రీ సంజీవరావుగారి నిర్ణయానికి వదిలేస్తున్నాను అని స్టాంపు వేసి ఇచ్చాడు. కళ్లు తుడుచుకుంటూ, ఆ రోజు నన్ను లేపి ఉండాల్సిందండీ అన్నాడు.

లేపకూడదని డాక్టరన్నాడండీ అన్నాను. ఇద్దరం తల వంచుకున్నాం.

ఆఫీసుకు వచ్చి తలుపు వేసుకున్నాను. ఏలూరు గోడౌన్‌నుంచి ఫోను. లారీ బయల్దేరొచ్చా సార్ అని అడిగారు. ఎండ కాస్తోంది, రోడ్డు బాగుంది. అయినా నా నోటినుంచి వచ్చిన మాట, అయ్యగారిని అడిగి చెబుతాను.

2 జనవరి 1978, సోమవారం

శౌరమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

రాత్రి కాదు, పట్టపగలే కూర్చుని, స్పృహతోనే రాస్తున్నాను. ఈ పుస్తకం ఎవరైనా చదివితే ఆ చావులకు ఇద్దరి పేర్లు చెబుతారు, అతనిదీ నాదీ. చెప్పనివ్వండి. నాకు ఇరవై ఎనిమిదేళ్లున్నాయి లెక్క చూసుకోవడానికి. ముప్పై నాలుగేళ్ల వయసులో ఆ ఆఫీసు మెట్లెక్కిన మనిషి ఆ ఫోనులో తీసుకెళ్లు అని ఉండేవాడు. ఆ మనిషిని రోజుకో సంతకంతో చంపింది ఎవరో నాకు తెలుసు.

వెంకటకృష్ణారావు.