మోకాలికి ఓవరాయిలింగ్

జహీరాబాద్,
4 జూన్ 1984

చి. మహానందను దీవించి కాక శరణప్ప రాయునది:

అందరం క్షేమం, నా మోకాళ్ళు తప్ప. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. గొంతుక్కూర్చోకుండా పంక్చరు వేయడం ఎవరివల్ల అవుతుంది? వారంలో నాలుగు రోజులు సైకిల్ షాపు మూసే ఉంటోంది. ముప్పై ఏళ్ళ షాపు పోతుందేమోనని భయంగా ఉంది బిడ్డా. దవాఖానలో డాక్టరు "కీళ్ళు అరిగినయ్, కింద కూసోకు" అన్నాడు. కింద కూర్చోకుండా పనిచేసే సైకిల్ మిస్త్రీని ఎక్కడైనా చూశాడా? మీ ప్రయోగశాలలో కీళ్ళ మందు చేస్తున్నారట కదా. ఒక సీసా పంపు.

మీ కాక

తా.క. మూత గట్టిగా బిగించు. పోయినసారి నువ్వు పంపిన తలనూనె పోస్ట్‌మ్యాన్ సంచికే సరిపోయింది.

హైదరాబాద్,
ప్రయోగశాల, రెండో అంతస్తు,
11 జూన్

పూజ్యులైన కాకకు మహానంద నమస్కారాలు.

కీలులో జిగురు ద్రవం ఉంటుంది. అది పలుచబడి, ఎముకల చివరి మెత్తటి పొర అరిగితే నొప్పి పుడుతుంది. మేము కొవ్వుతో బుడగలు చేస్తున్నాం. ఒక్కోటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు. వాటిలో మందు పెట్టి సూదితో కీలులోకి పంపితే, మందు కొద్దికొద్దిగా దిగుతుంది. కీలు జారడానికీ బుడగలు సాయపడతాయని మా ఆశ. ఇంకా పరీక్షల్లోనే ఉంది.

మీ మహానంద

తా.క. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

జహీరాబాద్,
18 జూన్

చి. మహానందకు దీవెనలు.

నీ ఉత్తరం షాపు ముందర గట్టిగా చదివించాను. ఎవరికీ చెప్పొద్దన్న మాట చివర్లో రాశావు, అప్పటికే అందరూ విన్నారు.

బుడగలంటే సైకిల్ చక్రం హబ్బులో తిరిగే ఇనుప బాల్సు లాంటివే, నాకు వెంటనే అర్థమైంది. కానీ ఓవరాయిలింగుకు ఒక పద్ధతుంది. ముందు పాత గ్రీజు కిరసనాయిలుతో కడగాలి, తర్వాతే కొత్తది. మీరు కడగకుండానే సూది గుచ్చుతున్నారు. మీ సారుకు చెప్పు. రాయికోడ్ నర్సప్ప, కోహీర్ బస్వమ్మతో కలిపి పదకొండు మంది ఆ మందు కోసం పేర్లు రాయించుకున్నారు. నా మోకాలి చుట్టుకొలత పదిహేను అంగుళాలు, నర్సప్పది పదమూడు. సైజు చూసి పంపు.

మీ కాక

తా.క. బస్వమ్మ "నాకు సూదొద్దు, బుడగలు మింగుత" అంటోంది.

హైదరాబాద్,
25 జూన్

కాకకు నమస్కారాలు.

కొంప ముంచారు! సైజులు లేవు, కిరసనాయిలు వద్దే వద్దు. మందు ఇంకా కుందేళ్ళ మీదే పరీక్షిస్తున్నాం. మనుషులకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. ఇప్పుడు మీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ మాట రాస్తుంటే ఏడుపొస్తోంది.

మీ మహానంద

తా.క. మీ ఉత్తరం చూసి మా సారు నవ్వుతారనుకున్నాను. "కడగడం గురించి మనమెందుకు ఆలోచించలేదు?" అన్నారు. మిమ్మల్ని చూడ్డానికి వస్తారట.

జహీరాబాద్,
16 జూలై

చి. మహానందకు దీవెనలు.

ఇరవై ఏళ్ళకు నాకు ఎనభై రెండు. అప్పటికి కుందేళ్ళే సైకిళ్ళు బాగుచేస్తాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు లారీ గ్యారేజీలో మెకానిక్ శివరాజ్ లారీ కింద గుంతలో నిలబడి పని చేయడం చూశాను. వెంటనే మన షాపులో రేకుల కింద నడుములోతు గుంత తవ్వించాను, దిగడానికి వాలు దారితో సహా. సైకిల్ నేల మీద, నేను గుంతలో. మోకాలు వంచే పనే లేదు. షాపు రోజూ తెరుస్తున్నాను బిడ్డా.

మీ సారు చేతికర్ర పట్టుకుని వచ్చారు. గుంతలో దిగి అరగంట పైకి రాలేదు. "కుందేళ్ళ బోన్లు నేల మీదే ఉన్నాయండీ. పదేళ్ళుగా గొంతుక్కూర్చుని మందు వేసీ వేసీ నా మోకాళ్ళు పోయాయి" అన్నారు. పాపం అనిపించింది, చాయ్ తాగించాను.

మీ కాక

తా.క. సారు గుంత కొలతలన్నీ రాసుకుపోయారు. మీది రెండో అంతస్తు కదా, తవ్వేముందు కింది వాళ్ళకు ఒక మాట చెప్పండి.