మెత్తటి తాపు

ఎదురుకాళ్ళతో పుట్టిన తమ్ముడు పైడయ్యకి,

లంజిపల్లి నుంచి అక్క రాసేది ఏటంటే, మొన్న పొలసర ఊళ్ళో బియ్యం మూట ఎత్తి మీ బావకి నడుం పట్టేస్తే, నీలాటోడు తన్నితే పట్టు వదిలిపోద్దని ఒక తాపు తన్నినావు కదా. బాగానే తగిలింది. ఎన్నుపూసల మధ్య మెత్తటి డిస్కు ఉంటాదట. మూట ఎత్తినప్పుడే జారిందట, నీ తాపుకి ఇంకాస్త జారి నరాన్ని నొక్కుతోందట. కమిలిన మచ్చ సూసి డాక్టరు ఇదేటని అడిగితే, ఆవు తన్నిందని సెప్పినాను. నీ పరువు దక్కింది, ఆవుదే పోయింది.

ఒంగకుండా, బరువులెత్తకుండా ఆరు వారాలుంటే ఆపరేషను లేకుండానే తగ్గొచ్చన్నారు. ఈయన ఇంటేగా! "పైడయ్య రెండో తాపు పడితే సర్దుకుంటాది" అంటారు. నిన్న ఎడం కాలి జోడు వీధిలో ఊడిపోతే, ఊడినట్టు కాలికి తెలీకుండానే ఇంటికి వచ్చీసినారు. నవ్వినాను గానీ, తరవాత భయమేసింది.

డాక్టరు మాట కన్నా నీ కాలంటేనే ఆయనకి నమ్మకం. ఆదివారం రా. నడుం మీద కాలు ఊరికే ఆనించి, "ఈ తాపు పనిచెయ్యాలంటే ఆరు వారాలు మూట ముట్టకూడదు బావా" అని గట్టిగా సెప్పు.

నిజంగా తన్నీసావో, సూసుకో. నేను మామూలుగానే పుట్టినాను గానీ, తన్నడం నాకూ వచ్చు.

మీ అక్క