చిల్లి పడే గూడు

అమ్మా,

ఫోన్ చేసినప్పుడల్లా బళ్ళో ఏం చెబుతున్నారని అడుగుతావు. అవ్వ పక్కనే ఉంటుంది కాబట్టి అన్నీ చెప్పలేను. లెక్కల సంగతి అడగొద్దు. సైన్సులో మాత్రం పట్టుపురుగుల పాఠం జరుగుతోంది. మనింట్లో పెంచుతామని సాల్మన్ సారు నన్నే లేపారు. మల్బరీ ఆకు కోయడం నుంచి గూళ్ళను హిందూపురం మార్కెట్టుకు పంపడం దాకా గడగడా చెప్పేశాను.

"గూట్లోంచి ఏమొస్తాదమ్మా?" అన్నారు.

"దారం సార్" అన్నాను. ఏడో తరగతంతా నవ్వింది. రెక్కల పురుగు వస్తుందట! మనమెప్పుడన్నా రానిచ్చామా?

అందుకే ఈసారి ఒక గూడు తీసి సుద్దముక్కల డబ్బాలో దాచాను. అవ్వ చూసేసింది. "చిల్లి పడితే దారానికి పనికిరాదు, ఎందుకు దాస్తాండావే?" అని తిట్టింది కానీ తీసేయలేదు.

బయటికొచ్చాక ఆ పురుగు ఏమీ తినదట, కొన్నాళ్ళే బతుకుతుందట. మన గూళ్ళన్నీ నువ్వు దారం తీసే హిందూపురానికే వస్తాయి. బస్తాలు ఆటో ఎక్కుతుంటే నాకు వాటి మీద కుళ్ళు పుడుతుంది. ఈ ఒక్క గూడు మాత్రం నువ్వు గూళ్ళు ఉడకేసే వేడినీళ్ళ దగ్గరికి రాదు.

దీని దగ్గరికి నువ్వే రావాలి.

నీ పాప