మొదటి ముద్ద

తమ్ముడూ,

దేవుడు నిన్నూ నీ వాళ్లనూ చల్లగా చూడాలి.

ఆదివారం మీ ఇంట్లో ప్రార్థన చెప్పి, ముద్ద నోటిదాకా తెచ్చి, కంచంలో వదిలేసి వచ్చేశాను. నాన్న పోయాక మొదటి ముద్ద నాదే కదా. నేను తినందే ఎవరూ తినరు. మీ అందరి చేతులూ అలాగే ఆగిపోయాయి. "నేనంటేనే వదినకి గిట్టదు" అని మరదలు ఏడ్చిందని ఫోన్లో అన్నావు. అది కాదురా.

ఏడాదిగా తిన్నది గుండెల మధ్యే ఆగిపోతోంది. మంచినీళ్లు కూడా. కాసేపటికి వెనక్కి వచ్చేస్తుంది. పిల్లల ముందు అలా జరిగితే తలెత్తుకోలేను. అందుకే లేచాను. అన్నవాహిక కండరాలు అలలా కదిలి తిండిని కిందికి నెట్టాలట. నావి కదలడం లేదు. కడుపు మొదట్లో ఉండే కండరం బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. క్యాన్సర్ కాదని డాక్టర్లు తేల్చారు. ఆపరేషన్ చేసి ఆ బిగువు కోస్తామన్నారు. వద్దని వచ్చేశాను. భయం. ఇంటికి పెద్దదాన్ని, ఇంకెవరితో చెప్పుకోను?

ఇది మరదలికి చదివి వినిపించు. నువ్వు మాత్రం రావద్దు.

నీ పెద్దక్క


తమ్ముడూ,

ఆ పైవాడి దయవల్ల ఆపరేషన్ అయి ఇల్లు చేరాను.

రావద్దంటే నువ్వు బుద్ధిగా ఆగావు. నీ భార్య ఆగలేదు. సంచీతో దిగి, "వదినా, చెప్పులేసుకోండి, ఆసుపత్రికి పోదాం" అంది. ప్రార్థన చేసుకుని చెబుతానన్నాను. "దారిలో చేసుకోండి" అంది. చేసుకున్నాను.

నిన్న మెత్తగా వండి ఇద్దరికీ వడ్డించింది. ప్రార్థన అయ్యాక తను కంచం ముట్టదే!

"తినవే, చల్లారిపోతుంది."

"మొదటి ముద్ద మీదే వదినా. ఆగుతాను."

మింగాను. ఆలస్యమైన బస్సు కోసం చూసినట్టు ఇద్దరం కూర్చున్నాం. దిగింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "ఉప్పు సరిపోయిందా?" అంది. ఎక్కువైందన్నాను. ఏడుపు ఆపి నవ్వింది.

ఆ కండరాలు ఇక కదలవట. దారి మాత్రం తెరుచుకుంది. నిటారుగా కూర్చుని, నీళ్లు తాగుతూ, నెమ్మదిగా తినాలి. డాక్టరు సరేనన్నాక ఒక ఆదివారం మీ ఇంటికి వస్తాను. మొదటి ముద్ద నేనే తింటాను. చాలాసేపు పడుతుంది.

పిల్లలకు ముందే ఏదైనా పెట్టి కూర్చోబెట్టు.

నీ పెద్దక్క